ఆ గంట కొట్టింది మీ అన్న

గొల్లమిట్ట,
20-7-97, ఆదివారం.

సౌభాగ్యవతి సిద్ధమ్మకు,

నీ ఇంటాయన రాసేది. ఇక్కడ నేను, ఎర్రావు, దాని దూడ, వాకిట్లో కుక్క, అందరమూ బాగానే ఉన్నాము. అక్కడ నగరిలో నువ్వు, మన పంకజ, అల్లుడు జయరామ్, ఇరవై రోజుల పసిబిడ్డ బాగున్నారని నీ జాబులో చూసి నిమ్మళపడ్డాను.

ఈ జాబు పోస్టు మాస్టరు చేత రాయించలేదు. నేనే రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి అని నీకు తెలుసు. ఒక పక్క నింపేసరికి ఆవు రెండుసార్లు అరిచింది. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకొని చదువుకో. పంకజకు గానీ అల్లుడికి గానీ చదివి వినిపించవద్దు. ఎందుకో కిందికి పోతే తెలుస్తుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. రెండు రోజులు మరిచిపోయాను, దాచేదేముంది. తోటలో కాయ అంతా దిగిపోయింది, మిగిలింది చిలకలు కొట్టినదే. నువ్వు కట్టిపోయిన ఆవకాయ జాడీ గుడ్డ విప్పాను. తడి గరిటె పెట్టలేదు, ఒట్టు. దూడ పాలు మానుతోంది. బిడ్డకు మా అమ్మ పేరు పెట్టాలా, జయరామ్ వాళ్ళ అమ్మ పేరు పెట్టాలా అని అడిగావు. వాళ్ళ ఇంట్లో పుట్టింది, వాళ్ళ ఇష్టం. మా అమ్మ ఏమీ అనుకోదు, పోయి పద్దెనిమిదేళ్ళయింది. మీ వదిన దేవకమ్మ రోజూ చెంబుతో మజ్జిగ పంపిస్తూ ఉండింది. గురువారం నుంచి పంపడం లేదు. అదీ కింద రాస్తాను.

నువ్వు అడిగినవాటిలో రెండింటికి జవాబు చెప్పడానికే ఇంత కాగితం. ఒకటి, సినిమా ఎట్లా ఉంది, నీ మాట బాగా వినిపించిందా అని. రెండు, మా అన్న నారాయణ ఎందుకు జాబు రాయడం లేదు, బిడ్డను చూడడానికి ఎందుకు రాలేదు, నా మీద కోపమా అని. నీకు అవి రెండు ప్రశ్నలు. నాకు రెండూ ఒకటే.

వచ్చే శుక్రవారం ఆ సినిమా నగరికి వస్తోందని, వీధిలో మగ్గాల వాళ్ళందరికీ మా ఆయన ఉన్నాడని చెప్పి పెట్టానని రాశావు. అది చదివి నాకు అన్నం దిగలేదు. నువ్వు అందరినీ వెంటబెట్టుకొని పోయే లోపల ఈ జాబు నీ చేతికి అందాలి.

మొన్న పోయిన ఆదివారం మన ఊరు ఊరంతా పుత్తూరుకు మ్యాట్నీకి పోయింది. నేనే ట్రాక్టరు మాట్లాడాను. నలభై మందిని ఎక్కించాను. మీ అన్నను కూడా పిలిచాను. రాడనుకొనే పిలిచాను, వచ్చాడు. నేను ఆ కాకీ చొక్కానే వేసుకున్నాను. సినిమాలో వేసుకున్నది అదే కదా, గుర్తుపట్టడానికి వీలుగా ఉంటుందని. ట్రాక్టరులో గురవమ్మ ఊరుకుంటుందా?

"ఏమబ్బా గంగాధరా, ఈరో మాతో పాటు ట్రాక్టర్లో వస్తే మర్యాదగా ఉంటాదా? ముందర కారు పెట్టిచ్చుకోవాల్సింది గదా!"

"నోరు మూసుకొని కూసో గురవమ్మా, నా మాట వచ్చేటప్పుడు మాత్రం దగ్గొద్దు," అన్నాను.

ఆ సినిమా కథ నీకు చెప్పాలి. ఒకడు చిన్నప్పుడు పల్లెటూరి బడిలో చదువుకుంటాడు. చివరి బెంచీ. వాడి పేరు ఎవరికీ గుర్తుండదు. పెద్దయి పట్నంలో చెప్పుల అంగడిలో పని చేస్తుంటాడు. బడికి యాభై ఏళ్ళు నిండాయని, పాత పిల్లలందరూ కలుస్తున్నారని వాడికి జాబు వస్తుంది. అందరూ తనను చూసి అబ్బా అనాలని ఒకటే కోరిక. సూటు బాడుగకు తీసుకుంటాడు, కారు బాడుగకు తీసుకుంటాడు, నేను పెద్ద ఆఫీసరునని వచ్చి దిగుతాడు. ఊరంతా చుట్టూ మూగుతుంది. దండలు వేస్తారు. స్టేజీ మీద కూర్చోబెడతారు. ముప్పై ఏళ్ళు గంట కొట్టిన ముసలాయన ఒక్కడే వాడి దగ్గరకు పోయి నిజం చెబుతాడు. ఆ ముసలాయన వేషమే నాది.

ఆ మాట నీకు నోటికి వచ్చు. పది రోజులు ఆవుకు చెప్పాను, నీకు చెప్పాను, బాయిగట్టు మీద నిలబడి చెప్పాను. "సూటు ఏసుకుంటే గొంతు మారతాదా నాయనా? నా గంట నీకు తెల్సు, నువ్వు నాకు తెల్సు." రాగిముద్ద తింటూ కూడా చెబుతుంటే, "మింగి చెప్పయ్యా, ఆ అబ్బి మింద పడతాది," అన్నావు.

హాల్లో దీపాలు ఆరిపోయాయి. ఇంటర్వెల్ అయింది. నేను వచ్చాను. ఎంత పెద్దగా ఉన్నాననుకున్నావు, నా ముక్కే మన తలుపంత ఉంది. మనవాళ్ళు ఈలలు వేశారు. నేను నోరు తెరిచాను. సిద్ధమ్మా, నా నోట్లో నుంచి ఇంకెవరిదో గొంతు వచ్చింది. సన్నగా, సాగదీస్తూ, గోదావరి పక్క మనిషి గొంతు.

"సూటేసుకుంటే గొంతు మారిపోద్దేటి బాబూ?"

హాలు హాలంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. మన ఊరి వాళ్ళు మరీ. నా గొంతు వాళ్ళకు తెలుసు కదా, తోటలో నుంచి అరిస్తే చెరువు దాకా వినిపిస్తుంది. గొంతు మారుతుందా అని అడిగేవాడికి గొంతే మారిపోయె. గురవమ్మ బెంచీ ఎక్కి నిలబడింది.

"ఏమప్పా గంగాధరా, గోదారి నీళ్ళు ఎప్పుడు తాగొస్తివి? సిద్ధమ్మకు తెల్సునా?"

సినిమావాళ్ళ పని అదేనంట. బొమ్మ ఇక్కడ పట్టుకుంటారు, మాటలు మద్రాసులో అద్దాల గదిలో ఇంకెవరి చేతనో చెప్పిస్తారు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నలభై మందిలో నవ్వనిది మీ అన్న ఒక్కడే. నా పక్కనే కూర్చున్నాడు. నా చేయి పట్టుకున్నాడు.

బయటికి వచ్చాక గోలీసోడా కొట్టించి నా చేతిలో పెట్టాడు.

"తాగు బావా. అది నీ గొంతు కాదు. నీ గొంతు నాకు తెలీదా? ఎవునితోనో చెప్పిచ్చి నిన్ను నవ్వులపాలు జేసినారు. నన్ను వొద్దన్నిందే మేలయింది బావా. నేనయితే తట్టుకోలేను. నువ్వు కాబట్టి నిలబడినావు."

ఆ సోడా నాకు ముక్కులోకి ఎక్కింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. సోడా వల్లనే అని అందరూ అనుకున్నారు. నేను కూడా అట్లే అనుకోవాలని చూశాను.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. ఇంతవరకు కాగితం నింపింది దీన్ని దాటేసి పోవచ్చేమో అని.

మీ అన్నను సినిమావాళ్ళు వద్దనలేదు.

పోయిన కార్తీకంలో వాళ్ళు వచ్చి మన తోటలో వ్యానులు నిలిపినప్పుడు, డైరెక్టరు దగ్గర పనిచేసే గిరిప్రసాద్ అనే అబ్బాయి ఊరంతా తిరిగి మనుషుల్ని చూశాడు. నిజంగా ముప్పై ఏళ్ళు ఆ బడిలో గంట కొట్టిన మనిషి ఒకాయన ఉన్నాడని హెడ్మాస్టరు చెబితే ఎగిరి గంతేశాడు. మీ అన్నను దూరం నుంచి చూసి, ఈయనే కావాలన్నాడు. సాయంత్రం మన ఇంటికి వచ్చి నాతో చెప్పాడు, "పెద్దాయనా, మీ బావగారంట కదా, పది రోజుల తర్వాత ఉదయం తొమ్మిదికి బడి దగ్గరకు రమ్మని చెప్పండి, ఈ ఒక్క మాట నేర్చుకొని రమ్మనండి," అని కాగితం ముక్క ఇచ్చాడు. నువ్వు అప్పుడు పేడకళ్ళు ఎత్తుతున్నావు.

ఆ కాగితం మీ అన్నకు ఇవ్వలేదు. మీ అన్న ఇంటికి పోయాను, నిజమే. పోయి, "నీ ముకం కెమెరాకు పనికిరాదంట బావా, శానా పీలగా ఉండావంట, నన్ను రమ్మన్నారు," అని చెప్పాను. షూటింగు రోజు పొద్దున గిరిప్రసాద్ దగ్గరకు పోయి, "మా బావకు ఒంట్లో బాగలేదు, తిరుపతి ఆసుపత్రికి పోయినాడు, మాట నాకు వచ్చు, నేను చెప్తా," అన్నాను. వాళ్ళకు టైము లేదు. సరే అన్నారు.

అంతే. రెండు అబద్ధాలు. ఒకటి ఇటు, ఒకటి అటు.

ఎందుకు చేశానని అడుగుతావు. నీకు గుర్తుందా, మన బడికి కూడా నిజంగా యాభై ఏళ్ళ పండగ చేశారు, నాలుగేళ్ళ కిందట. పాత పిల్లలందరూ చిత్తూరు నుంచి, మద్రాసు నుంచి వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు మీ అన్న కాళ్ళకు మొక్కారు. స్టేజీ మీద శాలువా కప్పారు. నేను ఆ పూట భోజనాలకు రెండు బండ్ల మామిడిపండ్లు తోలాను. మైకులో నా పేరు ఒక్కసారి రాలేదు. పాత పిల్లల పేర్లు గోడకు రాశారు కదా, దాంట్లో కూడా నేను లేను. మూడో తరగతిలో మానేసినవాడి పేరు పుస్తకాల్లో ఉండదంట. మీ అన్న, నేను ఒకే రోజు పలక పట్టుకొని ఆ బడికి పోయినవాళ్ళం. ఆ పూట పంక్తిలో నా ఆకులో నా పండే వేస్తే తినలేకపోయాను. నీకు పంటినొప్పి అని చెప్పాను.

ఆ కడుపుమంట అప్పటి నుంచి ఉండింది. కాగితం ముక్క చేతికి రాగానే ఇదే సమయమనుకున్నాను. సినిమాలో ఆ చెప్పుల అంగడివాడిని చూస్తుంటే నా కథ ఎవరో చెప్పేసినారా అనిపించింది. వాడు బాడుగ సూటు వేసుకున్నాడు. నేను మీ అన్న చొక్కా వేసుకున్నాను. ఆ కాకీ చొక్కా యాడిదయ్యా అని నువ్వు అడిగితే సినిమావాళ్ళది అన్నాను. అది మీ అన్నదే. వేషానికి కావాలని నేను అడిగితే తనే ఉతికి ఇచ్చాడు. దాన్ని నువ్వు చెంబులో నిప్పులు వేసి ఇస్త్రీ చేసి ఇచ్చావు. "మా అన్నను వొద్దనేదానికి వాళ్ళకు నోరెట్ల వచ్చినాదో, వాళ్ళ కెమెరా పగలా," అని తిడుతూ ఇస్త్రీ చేశావు. నేను పక్కనే నిలబడి అవునవును అన్నాను.

షూటింగు రోజు ఏం జరిగిందో కూడా నీకు సగమే చెప్పాను. పొద్దున బడి మొదలయ్యే గంట నేను కొట్టాలి, పిల్లలందరూ లోపలికి పరిగెత్తాలి. మన పిల్లలనే నిలబెట్టారు. నేను ఆ రైలుపట్టా ముక్కను బలమంతా పెట్టి ఆపకుండా గణగణమని వాయించాను. పిల్లలు ఒక్కసారిగా సంచులు తీసుకొని గేటు బయటికి పరుగు. డైరెక్టరు తల పట్టుకున్నాడు. పిల్లలేమో, "ఇంటిగంట సార్, ఇంటిగంట కొట్టినాడు!" అని అరుస్తున్నారు. రెండుసార్లు అట్లే అయింది. మన బడి పిల్లలకు ఆపకుండా కొడితే ఇంటికి పొమ్మని. పొద్దున గంట, మధ్యాహ్నం గంట అయితే మూడు దెబ్బలు, విడిచి విడిచి. దాని తర్వాత కొంచెం ఆగి ఒక చిన్న దెబ్బ. ఆ చిన్నది ఆలస్యంగా వచ్చే పిల్లలకని మీ అన్న పెట్టుకున్న పద్ధతి. ఇంకా పరిగెత్తండి, గేటు వేయలేదు అని చెప్పడానికి. ముప్పై ఏళ్ళు విన్నాను, నాకు గుర్తు రాలేదు. చివరికి చప్పుడు లేకుండా గుడ్డ చుట్టిన కట్టెతో కొట్టించి బొమ్మ పట్టుకున్నారు.

మధ్యాహ్నం అందరూ మన తోటలో భోజనాలకు కూర్చున్నారు. బడిలో రెండు గంటలకు గంట కొట్టాలి కదా, కొత్త బంట్రోతు సినిమావాళ్ళ సామాన్లు మోస్తున్నాడు. పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు. మీ అన్న రిటైరయినా ఇట్లాంటప్పుడు పోయి కొట్టేవాడు. ఆ రోజు కూడా పోయి కొట్టాడు. కొట్టి దిగుతుంటే మేకప్పు మనిషి ఎవడో, "ఎవరయ్యా నువ్వు, సామాన్ల దగ్గర నీకేం పని, జరుగు జరుగు," అని గదిమాడంట. ఆ తర్వాత మీ అన్న మళ్ళీ బడి గడప తొక్కలేదు. ఎనిమిది నెలలు. పొద్దున గంట వినిపిస్తే చెప్పులు వేసుకుంటాడంట, వాకిలి దాకా పోయి మళ్ళీ విడిచేస్తాడంట. ఇది దేవకమ్మ చెప్పింది. నీకు జాబు రాయకపోవడం, బిడ్డను చూడడానికి రాకపోవడం నీ మీద కోపంతో కాదు. కెమెరాకు కూడా పనికిరాని ముఖాన్ని తీసుకొని ఎక్కడికి పోతాను అంటున్నాడంట. ఆ మాట నేను పెట్టింది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. సినిమాలో నేను గంట కొడుతుంటాను చూడు, నా చేయి పదిసార్లు ఆడుతుంది. వినిపించేది మాత్రం మూడు దెబ్బలు. ఆ తర్వాత కొంచెం ఆగి, ఒక చిన్న దెబ్బ. హాల్లో మన ఊరి వాళ్ళు వేస్తున్న ఈలలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆ చప్పుడు ప్రపంచంలో ఇంకెవరిదీ కాదు. ఆ రోజు తోటలో భోజనానికి పోకుండా బడి చెట్టు కింద చప్పుళ్ళు పట్టే పెట్టె పెట్టుకొని ఒకాయన కూర్చొని ఉన్నాడు, రెండు గంటల గంట ఆయన పట్టుకొని ఉండాలి. నా గొంతు తీసి పారేశారు, నా గంట తీసి పారేశారు. మీ అన్న గంట ఉంచుకున్నారు. చీకట్లో పక్కకు చూశాను. మీ అన్న తల వంచుకొని వింటున్నాడు, పిల్లలు వచ్చేశారా లేదా అని చూసే మనిషి లాగా.

అప్పుడే నా మాట రావడం, అందరూ నవ్వడం, మీ అన్న నా చేయి పట్టుకోవడం.

మూడు రోజులు ఎవరికీ ముఖం చూపించలేదు. గురువారం పొద్దున పోయాను. మీ అన్న ఆవుకు పలుపుతాడు పేనుతున్నాడు. నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని. కాగితం ముక్క సంగతి, తిరుపతి ఆసుపత్రి సంగతి, అన్నీ. దేవకమ్మ గడప దగ్గర నిలబడి వింటూ ఉంది. చేతిలో మజ్జిగ చెంబు ఉంది, దాన్ని తీసుకొని లోపలికి పోయింది.

మీ అన్న ఆ పలుపు చివరి దాకా పేని ముడి వేశాడు.

"సిద్ధమ్మకు చెప్పినావా?" అన్నాడు.

"లేదు."

"నాకు జేసింది నేను చూసుకుంటా. మా చెల్లెల్ని నీ పక్కన నిలబెట్టి సినిమావాళ్ళను తిట్టిచ్చినావే, దానికేం జెప్తావు? పో. ముందర ఆమెకు రాయి. అంతా రాయి. రాసినాక నాకు చూపిచ్చు. అంతదాకా నా వాకిట్లోకి రావొద్దు."

బావా అని కూడా అనలేదు. యాభై ఎనిమిదేళ్ళలో మొదటిసారి.

అందుకని రాస్తున్నాను. ఆయన చెప్పకపోయినా రాసేవాడినా అంటే నాకు తెలియదు. రాసేవాడిననే అనుకుంటాను, నువ్వు నమ్మితే నమ్ము. నేను ఎవరికీ తల వంచే మనిషిని కాదు, నీకు తెలుసు. నీకు వంచడంలో తప్పులేదు. ఇంట్లో నువ్వు తిట్టినా గోడలకే వినిపిస్తుంది.

నువ్వు తిరిగి వచ్చాక ఎన్ని రోజులు మాట్లాడకుండా ఉండాలనుకుంటే అన్ని రోజులు ఉండు. అన్నం మాత్రం పెట్టు. శుక్రవారం సినిమాకు పో. మగ్గాల వాళ్ళందరినీ పిలుచుకొనే పో. మా ఆయన గొంతు అది కాదని ముందే చెప్పు, లేకపోతే నిన్ను కూడా గోదావరి అంటారు. నా బొమ్మ వచ్చేటప్పుడు నువ్వు కళ్ళు మూసుకో. గంట విను. అందరికీ గట్టిగా చెప్పు, అది మా అన్న కొట్టిందని.

బిడ్డకు నా ముద్దులు. పంకజకు నూలు గదిలో ఎక్కువసేపు కూర్చోవద్దని చెప్పు. మాత్రలు ఇప్పుడే వేసుకున్నాను.

ఇట్లు,
నువ్వు ఏనాడూ పేరు పెట్టి పిలవని మనిషి,
పంకజ నాయన.

చెల్లెలు సిద్ధమ్మకు అన్న నారాయణ ఆశీస్సులు. కింద ఉన్న ఈ చోటు చాలు నాకు. జాబు చదివాను. అక్షరాలు కొన్ని దిద్దాను, సంగతులు దిద్దలేదు, అన్నీ ఉన్నాయి. శుక్రవారం మేమిద్దరమూ మొదటి బస్సుకు నగరికి వస్తున్నాము. బిడ్డను చూసి మ్యాట్నీకి పోదాము. బస్సులో మీ ఆయన పక్కనే కూర్చుంటాను గానీ మాట్లాడను. నువ్వు ఎన్ని రోజులంటే అన్ని రోజులు నేను కూడా. దేవకమ్మ మజ్జిగ మాత్రం రేపటి నుంచి పంపుతానంటోంది, ఎండకు ముసలాయన ఏమైపోతాడో అని.

ఈ జాబు రేపు పొద్దున నేనే పోస్టులో వేస్తాను. ముందు బడికి పోయి గంట కొట్టి, ఆ తర్వాత. హెడ్మాస్టరును అడిగి వచ్చాను. మూడు దెబ్బలు పిల్లలకు. ఆ నాలుగోది బావకు.